తాడు ఒక్కసారి లాగితే

ఆ జనవరి ఉదయం ఢిల్లీరావు అనుకున్నది చిన్న పనే. టీ తాగి, చిరిగిన వల ముందేసుకుని, మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చోవాలి. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున అతని ఇల్లు. టీ సగంలో ఉండగానే గుమ్మం ముందు ఇరిగేషన్ వాళ్ళ జీపు ఆగింది.

ఇంజనీరు నారాయణరావు తన కష్టం చెప్పుకున్నాడు. కొండకింద రిజర్వాయరులో తూము తలుపును ఎత్తే గొలుసు జారి నీళ్ళ అడుక్కి పోయింది. కాలవకు నీళ్ళు రాక పెసర, మినుము ఎండిపోతున్నాయి. విశాఖ నుంచి రావలసిన డైవరు జ్వరంతో పడుకున్నాడు. అతని గాలి సిలిండరూ రబ్బరు సూటూ మాత్రం వచ్చాయి. అండమాన్‌లో మూడేళ్ళు డైవింగ్ చేసినవాడు ఇక్కడున్నాడని నౌపడలో ఎవరో చెప్పారట.

ఆ ఎవరో ఢిల్లీరావు భార్య లక్ష్మీకుమారే. ఆమెకు చెప్పింది ఢిల్లీరావు. పాపం, మొత్తం అబద్ధమేమీ కాదు. అక్కడ టూరిస్టులకు సూట్లు తొడిగాడు, సిలిండర్లు నింపాడు, సాయంత్రం సూట్లు ఉతికి ఆరేశాడు. మునగడం ఒక్కటే మిగతావాళ్ళు చూసుకున్నారు. పెళ్ళైన ఆరేళ్ళూ భార్య తనను గొప్పగా చూసింది ఆ మునకల వల్లేనని అతని నమ్మకం.

"అది సముద్రం, ఇది మంచినీళ్ళు. లెక్క వేరుంటాది సారూ," అన్నాడు నీరసంగా.

"మంచినీళ్ళయితే మరీ సులువు గదా మావా. కళ్ళు మండవు," అంది లక్ష్మీకుమారి. అప్పటికే చీర మార్చుకుని వచ్చేసింది.

అతని నడుముకి కట్టే తాడు పట్టడానికి ఆమె అన్న సన్యాసయ్య, మరో నలుగురు వలవాళ్ళు జీపెక్కారు. దారి పొడుగునా ఢిల్లీరావు తప్పించుకునే మార్గం వెతికాడు. చివరికి ఒక ఉపాయం తోచింది. నీళ్ళలో రెండు మెట్లు దిగి, కాసేపు అక్కడే కూర్చుని, గొలుసు దొరకలేదని పైకి వచ్చేయాలి.

రిజర్వాయరు గట్టెక్కాక చేతులే అతన్ని ఇరికించాయి. అలవాటు కొద్దీ సిలిండరు మీట చూశాడు, ముఖానికి పెట్టుకునే అద్దం మసకబారకుండా అందులో ఉమ్మేసి కడిగాడు, పట్టీలు బిగించాడు. ఆ నేర్పు చూసి గట్టు మీది రైతులు చేతులు జోడించారు. టూరిస్టులకు కట్టినట్టే, మునగడానికి బరువుగా నడుముకి ఆరు సీసపు దిమ్మలు కట్టుకున్నాడు.

"ఒక్కసారి తాడు లాగితే బాగున్నానని. మూడుసార్లు లాగితేనే నన్ను పైకి లాగాల," అని సన్యాసయ్యకు చెప్పాడు. వాళ్ళు బుద్ధిగా తలూపారు.

నీళ్ళు ఎముకలు కొరికేశాయి. ఉప్పునీళ్ళు మనిషిని తేలుస్తాయనీ, మంచినీళ్ళు అంత సాయం చెయ్యవనీ, ఇక్కడ ఆరు దిమ్మలు ఎక్కువనీ అతనికి అప్పుడు తెలిసింది. అనుకున్న మెట్లు దాటి నేరుగా అడుగు బురదలోకి దిగిపోయాడు. చీకటి. చేతికి తగిలిందేదో రెండు చేతులా కావలించుకున్నాడు. పైన లక్ష్మి కంగారు పడుతుందేమోనని, బాగోకపోయినా బాగున్నానని, ఒక్కసారి తాడు లాగాడు.

గట్టు మీదున్న అయిదుగురూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒడ్డున నిలబడి పెద్ద వల లాగినవాళ్ళు. చేతిలో తాడు అదిరిందంటే చేప పడిందనే. చెప్పిన లెక్క మరిచిపోయి, కాళ్ళు తన్నిపెట్టి, హైలెస్సా అంటూ ఒక్క ఊపున లాగేశారు.

ఢిల్లీరావు బోర్లా రాళ్ళమీదికి వచ్చిపడ్డాడు. కౌగిట్లో గొలుసుంది. ఇంజనీరు దాన్ని కొక్కేనికి తగిలించాడు, తలుపు లేచింది, కాలవలోకి నీళ్ళు దూకాయి.

ప్రాణభయంతో ఢిల్లీరావుకి అబద్ధం మొయ్యడం ఇక చేతకాలేదు. "నానెప్పుడూ మునగనేదే లక్ష్మీ. సూట్లు ఉతికీవోణ్ణి," అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే.

ఆమె కొంగుతో అతని తల తుడిచి, చలికి మతి చలించిందని ఇంజనీరుకి చెప్పింది. పనిమంతుడికి ఆపాటి వినయం ఉంటుందని ఆయన మెచ్చుకుని, వచ్చే నెల ఇంతకు రెట్టింపు లోతున్న ఇంకో రిజర్వాయరుకు అతని పేరే రాసుకున్నాడు.

సాయంత్రం ఢిల్లీరావు ఆ సూటును తిరగేసి, జాడించి, నీడపట్టున ఆరేసి అప్పగించాడు. సూటు ఇంత పద్ధతిగా ఉతికే డైవర్ని తన సర్వీసులో చూడలేదన్నాడు ఇంజనీరు.