సున్నా ఆకలికి నా పొట్టే సాక్షి

దేశంలో ఆకలి పోవాలంటే అన్నం అక్కర్లేదు. ఒక ట్యాబ్, ఒక ఐడీ కార్డు, నాలాంటి మనిషి ఒకడు ఉంటే చాలు!

నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. రెండు నెలలుగా ఆర్మూర్‌లో ఆహార భద్రత సర్వే చేస్తున్నది నేనే. మూడు వందల పైచిలుకు ఇళ్లు తిరిగాను. ఆకలి ఉన్న ఇళ్లు సున్నా! నేను పెరిగిన బరువు నాలుగు కిలోలు! ఒక్క మనిషి వల్ల దేశానికి ఇంత మేలు జరగడం మీరెక్కడైనా చూశారా?

వెనకటి పద్ధతి వేరు. గోదాముల్లో ఎన్ని టన్నుల బియ్యం ఉన్నాయో చూసి, జనాభాతో భాగించి, తలకు ఇంత అని తేల్చేవారు. ఆ లెక్కన గోదాము గోడకు ఆనుకొని పస్తు పడుకున్నవాడు కూడా కడుపు నిండా తిన్నట్టే. ఎలుకలు తిన్నదీ మన పేరు మీదే. ఇప్పుడలా కాదు, మా ట్యాబ్ నేరుగా పొయ్యి దాకా వెళుతుంది.

అందులో పన్నెండు రకాల ఆహారాల పట్టిక ఉంది. నిన్న ఎన్ని రకాలు తిన్నారో అన్ని మార్కులు. ఒక్క చాయ్ తాగారనుకోండి, పాలకు ఒకటి, చక్కెరకు ఒకటి, చాయ్‌పత్తికి ఒకటి. మూడు మార్కులు! చాయ్‌లో పాలను లెక్కించకూడదని ట్రైనింగ్‌లో చెప్పారట. ఆ సమయంలో నేను చాయ్ తాగడానికి బయటికి వెళ్లాను. చాయ్ తాగనివాళ్లూ దిగులు పడనక్కర్లేదు, మసాలా దినుసులకూ మార్కుంది. పసుపు పండే ఊళ్లో ఆ మార్కు తప్పించుకోవడం ఎవరి తరం?

ఆ తర్వాత ఎనిమిది ప్రశ్నలు. “గడిచిన పన్నెండు నెలల్లో డబ్బులేక ఒక పూటయినా తినడం మానేశారా?” అన్నది వాటిలో ఒకటి. నేను గడప దగ్గర నిలబడి, నాలుగిళ్లకు వినపడేలా అడుగుతాను. స్పష్టత సర్వేకు ప్రాణం కదా! జవాబు కూడా అంతే స్పష్టంగా వస్తుంది. “లేదు!”

మా వైపు ఇంకో రివాజు ఉంది. గడప తొక్కినవాణ్ణి మొదట “తిన్నవా?” అని అడుగుతారు. తిన్నా తినకపోయినా “తిన్న” అనడం మర్యాద. “లేదు” అంటే పళ్లెం వచ్చేస్తుంది. కానీ నేను సర్వేయర్‌ని, అబద్ధం ఆడవచ్చా? మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి, నిజాయితీగా “లేదు” అంటాను. నా నాలుగు కిలోలూ నిజాయితీతో సంపాదించినవే.

మొన్న లింగవ్వ ఇంటికి వెళ్లాను. ఒంటరి మనిషి, డెబ్బై దాటినా ఇంకా బీడీలు చుడుతుంది. పక్కింటి గంగమణి కూడా చాట ఒళ్లో పెట్టుకొని అక్కడే కూర్చుని చుడుతోంది.

“తిన్నవా బిడ్డా?” అంది లింగవ్వ.

“లేదవ్వా.”

“అయ్యో, జర కూసో.”

వేడన్నం, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ ముక్క. పచ్చిపులుసు అద్భుతం! ఎడమ చేత్తో ట్యాబ్ నొక్కుతూ, కుడి చేత్తో కలుపుకుంటూ ఎనిమిది ప్రశ్నలూ అడిగాను. ఎనిమిదింటికీ “లేదు బిడ్డా” అంది. సబ్మిట్ చేసి, చెయ్యి కడుక్కొని, సందు చివరి దాకా వెళ్లాక చూసుకుంటే మెడలో ఐడీ కార్డు లేదు.

వెనక్కి వచ్చాను. లోపల గంగమణి గొంతు వినిపించింది.

“ఉన్నదంత ఆయనకే పెడితివి. నువ్వేం తింటవే?”

“పొద్దుమీకి సూద్దాం తియ్యి. లేదన్నోనికి పెట్టకుంటె ఎట్ల?”

“రేషన్ దుకాణంల కంట్రోల్ బియ్యం అచ్చెదాక నువ్వు నెలనెలా గిట్లనే ఉపాసం ఉంటవు. గా సార్‌కు ఎందుకు చెప్పలె?”

“మెల్లగ మాట్లాడు. నాలుగిండ్ల ముంగట అడిగితె ఇజ్జత్ తీసుకుంటనా?”

కార్డు కోసం లోపలికి వెళ్లే ధైర్యం చాలలేదు. సిగ్గేసింది.

మా సూపర్‌వైజర్ రఘునందన్‌కు ఫోన్ చేశాను. లింగవ్వ ఇంటి జవాబు మార్చాలన్నాను.

“ఆమె ఏమన్నదన్నా?”

“లేదన్నది.”

“మరి గదే రాసినవ్ గదా, ఫికర్ ఎందుకు? నీ ఏరియా రిపోర్ట్ మస్తుంది!”

నిజమే, రూలు ప్రకారం తప్పేమీ లేదు. ఆ మధ్యాహ్నం ఇద్దరికి కలిపి ఒక భోజనం ఉంది. సగటు తీస్తే లింగవ్వ కూడా తిన్నట్టే.

మర్నాడు బియ్యం సంచితో లింగవ్వ ఇంటికి వెళ్లి కార్డు తెచ్చుకున్నాను. సంచి తీసుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. ఆ గొడవలో నాకు పొద్దుటి టిఫిన్ కూడా దాటిపోయింది. అలాగే పక్క సందులో స్వర్ణ అనే ఆమె ఇంటికి వెళ్లాను. ఒంటిగంట. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. లోపలి నుంచి పప్పుచారు వాసన.

“తిన్నవా సార్?” అంది ఆమె.

“తిన్నమ్మా, ఇప్పుడే!”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆమె నమ్మింది కూడా. ఆమె చేతిలో ట్యాబ్ ఉండి ఉంటే, ఆ రోజు ఆకలి లెక్కలో ఇంకో సున్నా నేనే అయ్యేవాణ్ణి.