రాకీకి రంగుల్లో శుభాకాంక్షలు

ప్రజానాయకుడు సంతోష్‌రావు గారు తమ కుక్కకూ పిల్లికీ సప్లిమెంట్లు ఎంపిక చేసే బృహత్తర బాధ్యతను ఈ విలేకరికి అప్పగించారని సుల్తానాబాద్ ప్రజలకు సగర్వంగా తెలియజేస్తున్నాను.

ఫోన్లో ఆయన చెప్పింది ఇంతే. "వాహెద్ భాయ్, మా రాకీకి, చిన్నికి మంచి సప్లిమెంట్ చూడు. కుక్కది కుక్కకే, పిల్లిది పిల్లికే ఉండాలె. రెండు కలపొద్దని డాక్టర్ చెప్పిండు. జర మెరుపు రావాలె."

"మీరు ఫికర్ చెయ్యకుండ్రి సార్."

విలేకరికి సప్లిమెంట్ అంటే ఒకటే అర్థం: నాయకుల పుట్టినరోజుకు పత్రికలో వేసే శుభాకాంక్షల పేజీ. సార్ తోటలో బోరు పడ్డప్పుడూ, కొత్త కారు కొన్నప్పుడూ నేనే వేయించాను. వరస కుక్క దాకా రావడంలో నాకు వింతేమీ కనిపించలేదు. మధ్యలో డాక్టర్ ఎందుకొచ్చాడని ఆలోచించేంత తెలివే ఉంటే ఇంకేదైనా పని చేసుకునేవాణ్ణి. పైగా పార్టీ ప్రెస్ ఇన్‌ఛార్జి పదవి ఎప్పటి నుంచో అందినట్టే అంది జారిపోతోంది. ఈసారి వదలదలచుకోలేదు.

మెరుపన్నారు కనుక రంగుల పేజీలు. కలపొద్దన్నారు కనుక చెరొకటి. పేజీలో తమ ఫొటోలు వేయించుకోవడానికి కార్యకర్తలు ఎగబడ్డారు. మండల నాయకుడు బుచ్చిరాములు అలిగాడు కూడా.

"పిల్లి పక్కపొంటి నా ఫొటో పెడ్తవా? నేను సీనియర్‌ను. రాకీ పక్కన పెట్టు."

రాకీ గురించి రాయడానికి కూర్చుంటే కలం ఆగలేదు. 'పెట్టిన చేతిని మరువడు. పిలిస్తే పలుకుతాడు. పదవి అడగడు. ఒక్కసారి కూడా ఇల్లు మారలేదు.' ఇన్నేళ్లలో అబద్ధం లేకుండా నేను రాసిన మొదటి పేజీ అదే. నా రాతకు నాకే కళ్లు చెమర్చాయి.

అచ్చయిన రోజున పత్రిక పట్టుకుని సార్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య మధులిక గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"డబ్బా ఏది అన్నా?"

"ఏం డబ్బా మేడమ్?"

"రాకీకి బొచ్చు రాలుతాంది. తినే సప్లిమెంట్ తెమ్మన్నం. గిది తింటదా?"

రాకీ పేజీని వాసన చూసి వెళ్లిపోయింది. నా పదవి కూడా దాని వెంటే వెళ్లిపోయిందనుకున్నాను.

సార్ మాత్రం చదువుతూనే ఉన్నారు. మూడు పార్టీలు మారిన మనిషి ఇంత నిదానంగా ఏదైనా చదవడం నేను ఎన్నడూ చూడలేదు.

"భాయ్, గీ మ్యాటర్ ఎవలు రాసిండ్రు?"

"నేనే సార్. గల్తి అయింది."

"మంచిగుంది. వచ్చే నెల నా బర్త్‌డేకు గిదే పెట్టు. ఫొటో ఒక్కటి మార్చు." పేజీని మళ్లీ ఓసారి చూసి, "గా ఇల్లు మారలే అన్న లైన్ తీసెయ్. ప్రెస్ ఇన్‌ఛార్జివి నువ్వే," అన్నారు.

గుమ్మంలో రాకీ తోక ఊపింది. నాకు తోక లేదు కనుక తల ఊపాను.