పంటికి రాసిన ముత్యం

ఆ సోమవారం పెద్దకోడలు పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తలస్నానం చేయాలి, దుప్పట్లు ఉతికించాలి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి. ముత్యం మింగడం అందులో ఎక్కడా లేదు.

అయితే మూడు నెలలుగా ఆవిడ కడుపు మండుతూనే ఉంది. తోడికోడలి చిటికెన వేలికి వెండి ఉంగరం, దాని మీద శనగగింజంత ముత్యం. జ్యోతిష్కుడు జాతకం చూసి చంద్రుడి కోసం రాసిచ్చాడట. పెట్టుకున్న నెలకే చిన్నకోడలికి ఆఫీసులో ప్రమోషన్ వచ్చింది. రెండో నెలలో అత్తగారు పక్కింటివాళ్ళ ముందు చిన్నకోడల్ని తెగ మెచ్చుకుంది. మూడో నెలలో, పన్నెండేళ్ళుగా పెద్దకోడలి నడుముకు వేలాడుతున్న బీరువా తాళాల గుత్తిని అడిగి తీసుకుని, "ఇక ఎవరికివ్వాలో ఈ వారంలో ఆలోచిస్తాను" అంటూ తన దిండు కింద దాచింది. చిన్నకోడలు అప్పుడే గుత్తి తగిలించుకునే కొత్త కొక్కెం కూడా కొనుక్కుంది. అంతా ఆ ముత్యం చేస్తున్న పనేనని పెద్దకోడలికి ఖాయమైపోయింది.

సబ్బు తగిలితే మెరుపు పోతుందని చిన్నకోడలు స్నానానికి ముందు ఉంగరం తీసి స్నానాలగదిలో అద్దం దగ్గర పెట్టేది. ఆ రోజు హడావిడిలో దాన్ని అక్కడే మరిచిపోయి ఆఫీసుకు వెళ్ళింది. స్నానానికి వెళ్ళిన పెద్దకోడలికి అది కనబడింది. గబుక్కున తలుపు గడియ పెట్టింది.

అసలు ముత్యమైతే పంటికి రాసినప్పుడు గరగరలాడుతుందని, నకిలీదైతే నున్నగా జారుతుందని ఆవిడ ఎక్కడో విన్నది. నకిలీదే అయ్యుండాలని దేవుడికి దండం పెట్టుకుని, ముందు పంటికి రాసింది. గరగరలాడింది. నమ్మబుద్ధి కాలేదు. ఈసారి కొరికి పట్టుకుని మరీ రాసింది. ముత్యం ఇంకా గట్టిగా గరగరలాడింది, దాన్ని అంటిపెట్టుకున్న జిగురు ఊడింది.

సరిగ్గా అప్పుడే బయటినుంచి అత్తగారు కేకేసింది. "ఎంతసేపమ్మా ఆ స్నానం?"

"వస్తున్నా అత్తయ్యా!"

ఆ మాట బయటికి వచ్చింది, ముత్యం లోపలికి వెళ్ళింది. గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు అంటారు గానీ, ముత్యం పడితే ఎలా ఉంటుందో ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం తోడికోడలు వచ్చేలోగా అచ్చం అలాంటి ముత్యమే అతికించి, ఉంగరాన్ని ఎక్కడిదక్కడ పెట్టేయాలి. దర్జీ దగ్గరికని చెప్పి, పెద్దకోడలు బోడి ఉంగరంతో రత్నాల కొట్టుకు పరిగెత్తింది.

వ్యాపారి కంటికి భూతద్దం బిగించి ఉంగరాన్ని తిప్పి చూశాడు. "ఇది మా చేతి పనేనమ్మా! మూడు నెలల క్రితం మీవారు తీసుకెళ్ళారు. అయితే చిన్నకోడలుగారంటే మీరేనన్నమాట!"

కాదంటే ఉంగరం ఎలా వచ్చిందో చెప్పాలి. "ఆ... నేనే," అంది పెద్దకోడలు.

"మరి మీ తోడికోడలుగారి నోటిని తట్టుకోగలుగుతున్నారా?"

"ఏ నోటిని?"

"మీవారు అన్నీ చెప్పారులెండి. వదిన ఓర్వలేక రోజూ సూటిపోటి మాటలంటోంది, మా ఆవిడకి మనసు కుదురుగా ఉండట్లేదు, అందుకే ముత్యం రాశారు అన్నారు."

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. మరిదిని తిడదామంటే ఇప్పుడతను మొగుడి వేషంలో ఉన్నాడు. "అన్నీ అబద్ధాలు!" అని బల్ల గుద్దింది. "మా అక్క బంగారం! ఆ ఇల్లు నిలబడిందంటే ఆవిడ చలవే. తాళాలు ఇస్తే ఆవిడకే ఇవ్వాలి!"

వ్యాపారి పొంగిపోయాడు. "చూశారా, జాతి ముత్యం మహిమ! మూడు నెలల్లో మనసెంత మారిందో! ఉండండి, మీవారికి చెబుదాం. పాతదాని బరువెంతో కూడా అడుగుదాం." ఆవిడ వద్దు వద్దంటున్నా వినకుండా ఫోన్ కలిపాడు.

మరిది గొంతు కొట్టంతా వినబడింది. "మా ఆవిడా? ఆఫీసులో నా పక్క కుర్చీలోనే ఉందండీ! అసలు మా ఉంగరం మీ దగ్గరికెలా వచ్చింది?"

వ్యాపారి లేచి, కొట్టు తలుపుకు లోపలినుంచి గడియ పెట్టాడు. అరగంటలో మరిది, చిన్నకోడలు, దారిలో వాళ్ళు ఎక్కించుకున్న అత్తగారు దిగారు. పెద్దకోడలు నగల బొమ్మల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది.

"దొంగ దొరికిందండీ," అన్నాడు వ్యాపారి. "అయితే ఈవిడెవరో గానీ, మీ పెద్దకోడలుగారంటే మహా అభిమానం. ఆవిడ బంగారమట. తాళాలు ఆవిడకే ఇవ్వాలట."

పుస్తకం దించక తప్పలేదు.

"అక్కా!" అంది చిన్నకోడలు నోరు తెరిచి. "నా ముత్యమేదీ?"

పెద్దకోడలు చూపుడు వేలితో పొట్ట చూపించింది.

రెండు మూడు రోజులు ఓపిక పట్టమన్నాడు డాక్టరు. ఆ మూడు రోజులూ పెద్దకోడలు సిగ్గుతో చచ్చిపోయి ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లో అంత ప్రశాంతత చూసి అత్తగారికి కళ్ళు చెమర్చాయి. "వేలికి పెట్టుకుంటే ఏం లాభం? లోపలికి వెళితేనే గుణం," అని తేల్చేసి, తాళాల గుత్తి తెచ్చి పెద్దకోడలి చేతిలో పెట్టింది.

అది చూసి చిన్నకోడలు కళ్ళల్లో నిప్పులు పోసుకుంది. మర్నాడు పొద్దున్నే రత్నాల కొట్టుకు ఫోన్ చేసి, గొంతు దిగే సైజులో ముత్యాలేమైనా ఉన్నాయా అని వాకబు చేసింది.