ముక్కుతో నవ్వే దర్జీ

ఆ పొద్దున దర్జీ మూడు పనులు పెట్టుకున్నాడు. ఎవరో డాక్టరు తల్లి ఇచ్చిపోయిన తెల్లకోట్లు మూడూ కుట్టి ముగించడం, సాయంత్రం భార్యను వెంటబెట్టుకుని ఫొటో స్టూడియోకి వెళ్ళడం, అక్కడ కెమెరా ముందు నోరారా నవ్వడం. మొదటి రెండూ ఎవరైనా చేసేవే. మూడోది మాత్రం పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక్కసారీ చేసి ఎరగడు.

నవ్వు రాక కాదు. మీసాలు మొలవకముందు నుంచీ దారాన్ని పంటితో కొరికి తెంపీ తెంపీ, పైవరస ముందుపంటికి రంపంతో కోసినట్టు గాటు పడింది. అందుకే పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురు వెన్నెల కాసినట్టు నవ్వుతుంటే, పక్కన పెళ్ళికొడుకు ఆముదం తాగిన మొహంతో పెదాలు బిగించి నిలబడ్డాడు. ఆ తర్వాతా అంతే, ఎంత నవ్వొచ్చినా ముక్కుతోనే నవ్వేవాడు. గోడమీది ఆ ఫొటో తుడిచినప్పుడల్లా ఇల్లాలు, "ఇష్టం లేకపోతే ఆ రోజే చెప్పాల్సింది, మా నాన్న ఇంకో సంబంధం చూసేవాడు" అనేది. మొదట్లో వేళాకోళంగా అనేది. రాను రాను ఆ మాటలో నవ్వు తగ్గిపోయింది. అయినా ఆయన నోరు విప్పలేదు. ఊరందరి చిరుగులూ కనపడకుండా కుట్టేవాడు తన చిరుగు తానే చూపించుకుంటాడా?

చివరికి ఎవరికీ చెప్పకుండా పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. పంటి ముందువైపు గోరంత పలచని పెంకు అతికిస్తారనీ, దాన్ని వెనీర్ అంటారనీ అక్కడే తెలిసింది.

"ముందే చెబుతున్నా బాబాయ్, ఇది చొక్కా కాదు, నచ్చకపోతే విప్పేయడానికి" అంది డాక్టరమ్మ. "పంటి పైపొర కాస్త గీస్తాను. గీసింది మళ్ళీ రాదు. ఇక ఆ పంటి మీద ఎప్పటికీ ఏదో ఒక పెంకు ఉండాల్సిందే. రంగు కూడా ఇప్పుడే తేల్చుకోవాలి, తర్వాత తోమితే మారదు."

"పక్కపంటి రంగే ఉండాలమ్మా. పాత చొక్కాకి కొత్త మాసిక వేసినట్టు ఉండకూడదు."

"అసలుది తయారై వచ్చేదాకా తాత్కాలికంగా ఒకటి అంటిస్తా. ఊడితే దాచుకుని నా దగ్గరికి రండి, మీ జిగురు మీరు పూయొద్దు. ఇంతకీ మీరేం పని చేస్తారు? పళ్ళతో ఏమైనా కొరికే అలవాటుందా?"

చల్లగాలి పెట్టిన గది, తళతళలాడే కుర్చీ, మెడచుట్టూ కాగితపు తువ్వాలు. అంత మర్యాద మధ్య "దర్జీని" అనడానికి నోరు రాలేదు.

"బట్టల వ్యాపారమమ్మా. కొరకడమా? తిండి తప్ప ఇంకేం కొరకను!"

అదీ సంగతి. ఆనాటి నుంచి ఆ తాత్కాలిక పెంకు పంటిమీదే ఉంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. నోరు తెరిచి నవ్వే మనిషైతే కదా తెలిసేది! స్టూడియోలో ఒక్కసారిగా నవ్వి భార్యను ఆశ్చర్యపరచాలని ఆయన పథకం.

ఆ పొద్దున చిన్న కత్తెర సానకి వెళ్ళింది. కోటు గుండీ కుట్టి ముడి వేశాడు. చెయ్యి కత్తెర కోసం తడిమింది, దొరకలేదు. నోరు దానంతటది ముందుకొచ్చింది. టక్! దారం తెగింది. అలవాటుగా రెండోదీ, మూడోదీ. కోట్ల అంచులు మడిచి కుట్టేసి, ఒకటి హ్యాంగరుకి తగిలించి, చన్నీళ్ళు ఒక గుక్క తాగాడు. పన్ను జివ్వుమంది. నాలుకతో తడిమాడు. గాటు యథాస్థానంలో ఉంది. పెంకు లేదు.

తెల్లగుడ్డ, తెల్లదారం, తెల్లగుండీలు. వాటిలో తెల్లపెంకు. పాలలో సున్నం వెతికినట్టే. బల్లకింద పాకాడు, మిషను దులిపాడు, జేబులు తిరగేశాడు. ఎక్కడా లేదు. మడిచి కుట్టిన ఏ అంచులోనో ఉండిపోయిందని తేలింది. కొలత ప్రకారం కోసిన ముక్క పోతే మళ్ళీ మొదటినుంచే కదా అనుకున్నాడు. డాక్టరమ్మ ఎలా పోయిందంటుంది, అబద్ధం బయటపడుతుంది, సాయంత్రం మళ్ళీ ఆముదం మొహమే. ఒక కోటు అంచు విప్పాడు. లేదు. రెండోదీ విప్పాడు.

"అదేంటండీ, పొద్దున్నుంచీ కుట్టింది విప్పుతున్నారు?" ఇల్లాలు గుమ్మంలో నిలబడింది.

గభాల్న నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకున్నాడు. నోట్లో సూదులున్న దర్జీని ఎవరూ మాట్లాడమని అడగరు.

"మ్మ్" అన్నాడు.

"సాయంత్రం ఫొటోకి ఏ చొక్కా తియ్యను?"

"మ్మ్మ్."

"ఇష్టం లేకపోతే చెప్పండి. నేనేం మెడబట్టి లాక్కుపోవడంలేదు."

ఆయన గబగబా తల అడ్డంగా ఊపాడు. ఇష్టం లేకపోవడమేమీ లేదని ఆయన భావం. రానని ఆమెకి అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడే డాక్టరు తల్లి ఊడిపడింది. "ఏమయ్యా, మా అమ్మాయి కోటు మీద సిరా ఒలికింది. ఒక్కటైనా అయిందా? ఆఁ, ఇదిగో అయిందిగా!" అంటూ హ్యాంగరు మీది కోటు లాక్కుంది.

"మ్మ్! మ్మ్మ్!"

"డబ్బులకేం తొందర, మిగతావి అయ్యాక ఇస్తాలే" అని ఆమె చక్కా పోయింది.

సూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో పెట్టేసరికి పెద్దావిడ మలుపు తిరిగింది. నోటికి రుమాలు చుట్టుకుని ఈయన పరుగు. మొగుడు ఫొటో తప్పించుకోడానికి ఏకంగా వీధిలో పడ్డాడని ఆయన వెనకే ఇల్లాలి పరుగు. పెద్దావిడ రెండు వీధులు దాటి ఒక గాజుతలుపు తోసుకుని లోపలికి పోయింది. ఆ తలుపు చూడగానే దర్జీ రుమాలు ముక్కుదాకా లాక్కున్నాడు. తను పన్ను చూపించుకున్న క్లినిక్కే అది.

ఆయన లోపలికి వెళ్ళేసరికి డాక్టరమ్మ కొత్తకోటు తొడుక్కుని గుండీలు పెట్టుకుంటోంది. ఆయనకి ఇంకేం తోచలేదు. మోకాళ్ళ మీద కూలబడి కోటు అంచు రెండు చేతులా పట్టుకుని నలిపి చూడసాగాడు.

"బాబాయ్! ఏంటిది, లేవండి!"

"ఒక్క నిమిషం తల్లీ, వదలను, ఇందులోనే ఉంది!"

సరిగ్గా అప్పుడే ఇల్లాలు తలుపు తోసింది. ముప్ఫై ఏళ్ళుగా తనని చూసి నవ్వని మొగుడు ఎవరో పడుచు డాక్టరు కోటు పట్టుకుని వేలాడుతున్నాడు.

"ఏమండీ!"

ఆ కేకకి దర్జీ నోరు తెరిచాడు. రుమాలు జారిపోయింది. గాటు పన్ను అందరికీ కనపడింది.

ఇక దాచేందుకు ఏముంది? పెళ్ళి ఫొటో మొదలుకుని దారం దాకా అంతా వెళ్ళగక్కాడు. డాక్టరమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"బట్టల వ్యాపారమన్నారు! దర్జీనని ఆ రోజే చెబితే, దారం కొరకొద్దని గట్టిగా చెప్పేదాన్నిగా! పోయింది తాత్కాలికంగా పెట్టిన ప్లాస్టిక్ ముక్కేగా, కాసేపట్లో ఇంకోటి చేసి అంటిస్తా. మీ కొలత నా దగ్గర ఉంది. చొక్కా చిరిగిందని వస్తే మీరు మళ్ళీ కొలత తీస్తారా?"

దర్జీ తల దించుకున్నాడు. ఇంత చిన్న లెక్క తనకే తట్టలేదు.

ఇల్లాలు మాత్రం ముందుకొచ్చి, డాక్టరమ్మ విప్పిన కోటు అందుకుంది. అంచు తడిమింది. ఒకచోట వేలు ఆగింది. కుట్టును నోటి దగ్గరికి తీసుకుని, టక్!

"అమ్మా!" డాక్టరమ్మ అరిచింది. "మీరూనా?"

పెంకు అరచేతిలో పడింది. దానికంటే ముందు దర్జీకి కనపడింది వేరొకటి. భార్య ముందుపంటికీ అచ్చంగా అలాంటి గాటే.

"నీకెప్పుడు పడిందే ఇది?"

"పెళ్ళినాటికే ఉంది. మా నాన్నా దర్జీయేగా, గుండీలన్నీ నాచేతే కుట్టించేవాడు. ఫొటోలో నోరంతా తెరిచి నవ్వుతూనే ఉన్నాను. మీ పన్ను దాచుకునే హడావుడిలో నా మొహం ఎప్పుడు చూశారు గనక!" అంది. ఆ మాట సగంలోనే నవ్వొచ్చేసింది. ఆమె నవ్వు చూసి ఆయనకీ వచ్చింది, ఈసారి నోటితోనే.

డాక్టరమ్మ కొత్త పెంకు అంటించి, చిన్న కత్తెరొకటి మెడలో కట్టుకోమంది. మరి మీ సంగతేమిటని ఇల్లాల్ని అడిగితే, "నా పంటికెందుకమ్మా, బాగానే నవ్వుతోందిగా" అంది ఆమె.

సాయంత్రం స్టూడియోలో దర్జీ ఉన్న పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. పక్కన ఇల్లాలికి మాత్రం మొగుడు డాక్టరమ్మ కోటు పట్టుకుని వేలాడిన దృశ్యం ఆ క్షణానే గుర్తొచ్చింది. నవ్వు పగలబడకుండా పెదాలు బిగించి, ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది. ఫొటో అలాగే వచ్చింది.

ఇప్పుడు ఆ ఇంటి గోడమీద రెండు ఫొటోలూ పక్కపక్కనే ఉంటాయి. వచ్చిన చుట్టాలు వాటిని మార్చి మార్చి చూసి, ఈ ముప్ఫై ఏళ్ళలో పాపం ఆ ఇల్లాలికి ఎంత విసుగొచ్చిందో అని జాలిపడి పోతుంటారు.