పదిహేడు మంది అధికారులూ, ఒక గొయ్యీ

ఒక పెద్ద అడవిలో చెట్లకన్నా కమిటీలు ఎక్కువ. ఆ కమిటీలన్నిటికీ పుట్టిల్లు అరణ్య విశ్వవిద్యాలయం. అందులో విషపు ముష్టిగింజలు నానబెట్టే ల్యాబ్ ఒకటి, తేనెటీగల చేత లెక్కలు చేయించే శాఖ ఒకటి, దురదగొండి మీద ఇరవై ఏళ్లుగా పరిశోధన చేస్తున్న విభాగం ఒకటి ఉండేవి. ఇరవై ఏళ్లలో తేలిందేమిటయ్యా అంటే, దురదగొండి తగిలితే దురద పుడుతుంది.

ఇన్ని గండాల మధ్య పిల్లలు చదువుకుంటారు కదా, వాళ్ల తోకలూ చెవులూ క్షేమంగా ఉండాలని ఒక ఆఫీసు పెట్టారు. పర్యావరణ, ఆరోగ్య, భద్రతా విభాగం అని దాని పూర్తి పేరు. ఆ పేరు పలికేలోపు ఎవరికో ఒకరికి దెబ్బ తగిలేది, అందుకని అందరూ భద్రతాఫీసు అనేవాళ్లు.

ఆఫీసుకి డైరెక్టరు నక్క జంబుకేశ్వర్రావు. హెడ్ క్లర్కు ఉడుము పాపారావు, రిజిస్టరు పట్టుకున్నాడంటే వదలడు. పని చేసేది మాత్రం ముంగిస అప్పలకొండ.

అప్పలకొండ పదకొండేళ్లుగా టెంపరరీ. తరగతి గదిలోకి పాము దూరితే అతనే వెళ్లాలి. ముష్టి కషాయం ఒలికితే బూడిద చల్లి ఊడ్చేది అతనే. దురదగొండి పొట్టు పారేసే గొయ్యి తవ్వింది అతనే, దాని చుట్టూ ముళ్లకంప నాటి, 'ప్రమాదం, ఇటు రావద్దు' అని పలక కట్టిందీ అతనే. ఒళ్లు దాచుకోవడం అతనికి చేతకాదు, అదే అతనికొచ్చిన తంటా.

పర్మినెంటు వాళ్లకి రాతిగుట్టలో పొడి కన్నాలు ఇస్తారు. టెంపరరీలు వాగు ఒడ్డున బతకాలి. వాన పడితే చాలు, అప్పలకొండ పెళ్లాం పైడమ్మ పిల్లల్ని మెడ పట్టి ఒక్కొక్కర్నీ చెట్టెక్కించేది. "ఏటయ్యా, నీ పేరు కాయితమ్మీదకి ఎక్కిందా?" అని ప్రతి సాయంత్రం అడిగేది. "ఈ ఏడు ఎక్కేస్తది" అనేవాడు. పదకొండేళ్లూ అదే జవాబు. చెప్పిన ప్రతిసారీ అతనికి సిగ్గేసేది.

ఇలా ఉండగా అఖిలారణ్య భద్రతా మండలి నుంచి కబురొచ్చింది. ఏనుగు భద్రమ్మగారు స్వయంగా తనిఖీకి వస్తున్నారు. ఆవిడ బాగుందంటే జంబుకేశ్వర్రావుకి వైస్ ఛాన్సలర్ పీఠం ఖాయం. నక్కకీ నాకలోకానికీ మధ్య ఇక ఏనుగొక్కర్తే మిగిలిందన్నమాట.

జంబుకేశ్వర్రావు మూడు రోజులు తలుపేసుకుని ఆలోచించాడు. నాలుగో రోజు టేకాకులు కుట్టిన పెద్ద చార్టు పట్టుకుని బయటికొచ్చాడు. అందులో పదిహేడు కొత్త పోస్టులు ఉన్నాయి. వాటికి మనుషుల్ని, అదే, జంతువుల్ని కూడా తనే ఎంచేశాడు.

పదునైన వస్తువుల అధికారి ఏదుపంది. అనుభవం ఎన్నేళ్లని అడిగితే పుట్టినప్పట్నుంచీ అంది. తేనెటీగల భద్రతాధికారి ఎలుగుబంటి. జీతం లేకపోయినా పర్లేదు, పొద్దున్నే డ్యూటీలో చేరతానన్నాడు. హెచ్చరిక బోర్డుల రంగుల అధికారి ఊసరవెల్లి. కూర్చునే పద్ధతుల అధికారి కొంగ, ఆయన జన్మలో కూర్చున్న పాపాన పోలేదు. అత్యవసర సహాయాధికారి తాబేలు. తొందరపడి తప్పు చేసినట్టు ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదట. మిగతా పన్నెండు మందీ ఇదే బాపతు.

అప్పలకొండ చార్టు ముందు నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు. తన పేరు లేదు.

"అయ్యా, నా పేరు ఏ ఆకు మీద ఉందండి?" అని అడిగాడు.

"చూడు అప్పలకొండా," అన్నాడు జంబుకేశ్వర్రావు, ఎంతో ప్రేమగా. "నువ్వు చేసే పనులన్నీ ఒక్కొక్కటీ తీసి ఈ పదిహేడు మందికీ పంచాను. అంటే నీ పనికి ఎంత గౌరవం ఇచ్చానో చూడు. పంచేశాక నీకు ఏమీ మిగల్లేదు. తనిఖీ అయ్యాక ఇంక రానక్కర్లేదు."

"మరి ఊడ్చేదెవరండి?"

"ఊడ్చడాన్ని పర్యవేక్షించడానికి ముగ్గురున్నారు."

అప్పలకొండ చీపురు తీసుకుని బయటికి నడిచాడు. ఇంటికెళ్లి పైడమ్మకి ఏం చెప్పాలో అతనికి తోచలేదు.

తనిఖీకి ముందురోజు జంబుకేశ్వర్రావు ఆవరణంతా తిరిగాడు. గోతి దగ్గరికొచ్చి ముక్కు మూసుకున్నాడు. "ప్రమాదం అని రాసి ఉంటే మన దగ్గర ప్రమాదం ఉందనుకోరూ? ఆ పలక పీకండి. కంప తీసెయ్యండి. గోతి మీద వెదురు పరిచి పచ్చటి ఆకులు కప్పండి. పర్యావరణం అంటే పచ్చదనం."

కొత్త అధికారులందరూ తలలూపారు. ఊసరవెల్లి అప్పటికే ఆకుపచ్చగా మారిపోయింది.

అప్పలకొండ ఉండబట్టలేక అన్నాడు, "అయ్యా, అడవిలో ఏనుగుల్ని పట్టేవాళ్లు కూడా అచ్చం ఇలాగే కప్పుతారండి."

"నీకు ఇంకా ఒక్కరోజే సర్వీసుంది," అన్నాడు జంబుకేశ్వర్రావు. "దాన్నైనా నోరు మూసుకుని చెయ్యి."

మర్నాడు భద్రమ్మగారు రానే వచ్చారు. స్వాగతం, దండలు, చార్టు ప్రదర్శన అయ్యాయి. పదిహేడు మందీ వరసగా నిలబడి తమ హోదాలు చెప్పారు. ఆవిడ చెవులూపుతూ విన్నారు. తర్వాత నాలుగడుగులు నడిచి, "అబ్బ, ఇక్కడ పచ్చగా ఎంత బాగుందర్రా" అని ఆ పచ్చదనం మీద కాలు పెట్టారు.

ధబేలుమని భూమి అదిరింది. దురదగొండి పొట్టు మేఘంలా లేచి మళ్లీ ఆవిడ మీదే పడింది.

అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా. పదిహేడు మంది భద్రతాధికారులుండి, వచ్చినవాళ్లు వచ్చినట్టు గోతి చుట్టూ నిలబడ్డారు. ఒక్కడూ కాలు కదపలేదు.

"బయటికి తియ్యండర్రా, ఒళ్లంతా మండిపోతోంది," అన్నారు భద్రమ్మగారు లోపల్నుంచి.

"తప్పకుండా అమ్మగారూ," అంది ఏదుపంది. "అయితే పొట్టు పదునైన వస్తువు కాదు. నా సెక్షన్‌లోకి రాదు."

"నాది బోర్డుల సెక్షను," అంది ఊసరవెల్లి. "ఇక్కడ బోర్డు లేదు. లేని బోర్డుకి నాకేం బాధ్యత?"

ఎలుగుబంటి మూతి తుడుచుకుంటూ వచ్చి, లోపలికి తొంగి చూసి, తేనెటీగలు లేవని నిర్ధారించి వెళ్లిపోయాడు. కొంగ ఒంటికాలి మీద నిలబడి, "అమ్మగారు పడ్డారు సరే, కానీ కూర్చున్న పద్ధతి సరిగ్గా లేదు. నడుం పట్టేస్తుంది," అన్నాడు.

"మరి అత్యవసర సహాయం ఎవరు?" అని భద్రమ్మగారు అరిచారు.

"తాబేలుగారండి. చార్టు దగ్గర్నుంచి బయల్దేరారు," అన్నాడు పాపారావు రిజిస్టరు చూసి. "ఎల్లుండికి వచ్చేస్తారు."

జంబుకేశ్వర్రావు గోతి అంచున మోకాళ్ల మీద కూర్చుని ఒక ఆకు లోపలికి జారవిడిచాడు. "అమ్మగారూ, చిన్న ఫారం. బాధితులు సంతకం పెడితేగానీ ఇది ప్రమాదమో కాదో కమిటీ తేల్చలేదు. కాదని తేలితే మీకే మంచిది, దెబ్బ తగల్లేదని ఊరట."

ఆ ఫారంతో ఆవిడ వీపు గోక్కున్నారు.

ఇదంతా అప్పలకొండ దూరంగా నిలబడి చూస్తున్నాడు. వెళ్లిపోదామనుకున్నాడు. నాకేం పోయింది, నన్ను తీసేసినవాళ్లే చూసుకోనీ అనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. లోపల్నుంచి ఆవిడ మూలిగిన మూలుగు వినబడితే అతని కాళ్లు ఆగిపోయాయి. ఎంత పెద్ద ప్రాణానికైనా దురద దురదే.

గొయ్యి తవ్వింది తనే గనక తూర్పు వైపు మట్టి గుల్లని అతనికి తెలుసు. పరుగున పోయి పందికొక్కుల్ని కేకేశాడు. మామూలుగా ముంగిస పిలిస్తే పందికొక్కులు రావు, పారిపోతాయి. కానీ పదకొండేళ్లుగా వాటి కన్నాల్లోంచి పాముల్ని లాగింది అప్పలకొండే. నలభై పందికొక్కులు బిలబిలమంటూ వచ్చి తూర్పు గట్టు మీద పడ్డాయి.

"ఆగు, ఆగు," అంటూ జంబుకేశ్వర్రావు అడ్డొచ్చాడు. "తవ్వడానికి అనుమతి ఉందా? నీకిక్కడ పోస్టే లేదు. నీ మీద చర్య తీసుకుంటాను."

"పోస్టు లేనోడి మీద చర్య ఎలా తీసుకుంటారండి?" అని అప్పలకొండ గోళ్లు దించాడు.

గోళ్లు పదునైన వస్తువులేనని, వాటికి తన సంతకం కావాలని ఏదుపంది అడ్డు పెట్టింది. తవ్వేవాళ్లు నడుం వంచే తీరు తప్పని కొంగ గట్టు మీద నుంచి పాఠం చెప్పాడు. మట్టి ఎగిరి ఇద్దరి నోళ్లలోనూ పడింది. సాయంత్రానికి గట్టు ఏటవాలుగా దారి అయింది. భద్రమ్మగారు ఒక్కో అడుగే వేసుకుంటూ పైకొచ్చారు. నేరుగా వాగులోకి వెళ్లి మెడ దాకా కూర్చున్నారు. కొంగ ఈసారి పద్ధతి గురించి మాట్లాడలేదు.

గంట తర్వాత ఆవిడ వాగులో నుంచే తీర్పు చెప్పారు. జంబుకేశ్వర్రావుని దురదగొండి ల్యాబ్‌లో స్టోర్ కీపరుగా వేశారు. అతను ఆ రాత్రే గోక్కోవడం మొదలుపెట్టి ఇప్పటికీ ఆపలేదంటారు. తర్వాత ఆవిడ తొండం చాచి అప్పలకొండ తల నిమిరారు.

"పదకొండేళ్లు ఇలాంటివాణ్ణి మట్టిలో ఉంచారట్రా? ఒరే నాయనా, నిన్ను ఆఫీసర్ని చేస్తున్నాను. పద్దెనిమిదో పోస్టు, చిక్కుల నివారణాధికారి. ఎవరు ఎందులో చిక్కుకున్నా నీదే సెక్షను."

అప్పలకొండకి కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటికి పరిగెత్తి, "పైడమ్మా, ఎక్కేసింది," అన్నాడు. ఆవిడ నమ్మలేదు. మర్నాడు రాతిగుట్టలో పొడి కన్నం చూపించాక గానీ నమ్మలేదు. ఆ వారమే పెద్ద వాన పడింది. పిల్లలు మొదటిసారి పొడిగా నిద్రపోయారు. పైడమ్మ కన్నం గుమ్మంలో కూర్చుని వానని చూస్తూ ఉండిపోయింది.

అప్పలకొండకి కుర్చీ వచ్చింది, బల్ల వచ్చింది. ఒకరోజు బల్ల మీద దుమ్ము కనబడితే తుడవబోయాడు. ఉడుము పాపారావు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అంతపని చెయ్యకండి సార్. మీ పని మీరే చేసుకుంటే, ఇక ఆఫీసరెందుకని పైవాళ్లు అడుగుతారు. మళ్లీ టెంపరరీలోకి దింపేస్తారు. వాగు ఒడ్డుకి పోవాలి."

వాగు ఒడ్డు పేరు చెప్పగానే అప్పలకొండ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మొదటి రోజు చేతులు ఊరికే పెట్టుకోవడం అతనికి ప్రాణాంతకంగా ఉంది. రెండో వారానికి కాస్త సులువైంది. నెల తిరిగేసరికి గోళ్లు నున్నగా, చూడముచ్చటగా పెరిగాయి.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కుందేలు ఒకతె పరుగెత్తుకొచ్చింది. ల్యాబ్‌లో చదివే పిల్ల, పేరు మల్లిక. "సార్, మా చెల్లెలి చెవి తలుపు సందులో ఇరుక్కుపోయింది. ఏడుస్తోంది. రండి సార్."

అప్పలకొండ సగం లేచాడు. పాపారావు దగ్గాడు. అప్పలకొండకి పొడి కన్నంలో నిద్రపోతున్న పిల్లలు కళ్లముందు మెదిలారు. మెల్లిగా కూర్చున్నాడు. తన మీద తనకే రోత పుట్టింది, అయినా కూర్చున్నాడు.

"కంగారు పడకమ్మా, మనిషిని పంపిస్తాను," అని పాపారావు వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇలాంటివి చేసేవాడు మన దగ్గర ఎవడో ఒకడుండాలే, పంపించు."

పాపారావు రిజిస్టరు తీశాడు. వేలు తడి చేసుకుని ఒక్కో పుటా తిప్పాడు. చివరిదాకా వెళ్లి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఉండేవాడండి, అప్పలకొండ అని ఒకడు. బంగారం లాంటి పనివాడు. ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు."

అందుకే ఆ అడవిలో పెద్దలు ఇప్పటికీ పిల్లలకి చెబుతారు: బాగా పనిచేసేవాడికి పొరపాటున కూడా పదవి ఇవ్వకండర్రా, ఉన్న ఒక్కడూ పోతాడు.