పెరట్లో పరారీ

ఏడు నెలల తర్వాత స్టోర్‌కీపర్‌కు ఒక్క రోజు సెలవు దొరికింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఫ్యాను, అటక, ఊడిన తలుపు గడియ వరసగా మీద పడతాయి. అతనికి కావలసింది ఒకటే, ఒళ్ళు వాల్చి ఏమీ చెయ్యకుండా ఉండడం.

పథకం చిన్నదే. రోజూలాగే ఎనిమిదింటికి క్యారియర్ పట్టుకుని బయల్దేరాలి. వీధి చుట్టి వచ్చి పెరటి గేటులోంచి దూరాలి. బాదం చెట్టు కింద నడుమెత్తున పేరుకున్న ఎండుటాకుల వెనక సాయంత్రం దాకా పడుకోవాలి. ఆ ఆకులు ఎత్తెయ్యమని భార్య పదిహేను రోజులుగా పోరుతోంది. ఎత్తకపోవడం ఎంత మంచిదైందో!

ఎనిమిదీ ఇరవైకి వెల్లకిలా పడుకున్నాడు. శరత్కాలపు ఆకాశం కడిగినట్టుంది. నీరెండ పాదాలకు తగులుతోంది. ఎర్రటి ఆకు ఒకటి రాలి ముక్కు మీద పడితే తీసెయ్యడానికి కూడా బద్ధకించాడు. తొమ్మిదిన్నరకే క్యారియర్ ఖాళీ చేసి గోడ పక్కన పెట్టాడు.

పదింటికి భార్య ఆఫీసుకు ఫోన్ చేసింది. కళ్ళజోడు బల్ల మీద మర్చిపోయాడు మరి.

"ఆయన సెలవు పెట్టాడమ్మా" అన్నాడు మేనేజర్.

"సెలవా? క్యారియర్ పట్టుకుని మరీ వెళ్ళారండీ!"

అవతల గొంతు తగ్గింది. "ఆరుసార్లు సెలవడిగితే నేనే కాదన్నాను. మనిషి బాగా డీలా పడ్డాడు. ఉండండి, వస్తున్నా."

స్టోర్‌కీపర్ అత్తగారు గోడ మీదుగా పక్కింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్‌ను కేకేసింది. తొమ్మిదేళ్ళుగా కేసు దొరకని ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. పెరటి గోడ పక్కనున్న క్యారియర్ చూశాడు.

"గిన్నెలు ఖాళీ. మనిషి లేడు. ఎవడో మీ అల్లుణ్ణి ఏదో చేసి, తీరిగ్గా ఇక్కడ కూర్చుని భోంచేశాడు!"

"నా తల్లో, వాడు తిన్నాడా! పెరుగు కూడానా?" అంది అత్తగారు.

భార్య ఏడుపు అందుకుంది. ఆకుల చాటున స్టోర్‌కీపర్ ఆలోచించాడు. ఇప్పుడు లేస్తే సంజాయిషీ చెప్పుకోవాలి. లేవకపోతే చచ్చినవాళ్ళ లెక్కలో పడతాడు. రెండోదే సుఖమనిపించింది. ఇంకో నాలుగు గుప్పెళ్ళ ఆకులు మీదకు లాక్కున్నాడు.

పదకొండున్నరకు వ్యాను ఆగింది. మేనేజర్ గోడౌనుకు తాళం వేసి, వెతకడానికి తొమ్మిది మంది పనివాళ్ళను వెంటేసుకుని దిగాడు.

"ఆగండి, ఆ ఆకులు కదిలాయి! వాడు ఇంకా ఇక్కడే ఉన్నాడు. పార ఇలా తెండి!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వద్దు సార్! నేనే!"

తల నిండా ఆకులతో లేచి నిలబడ్డాడు.

"బతికే ఉన్నారా?" అంటూ కళ్ళు తుడుచుకుంది భార్య. తుడుచుకున్నాక గొంతు మారింది. "ఎత్తెయ్యమన్న ఆకుల్లో దాక్కుంటారా? సిగ్గులేదూ?"

"పోనీలేవే, దొరికాడుగా. ముందు ఇంతమందికీ టీ పెట్టమను" అంది అత్తగారు.

తాళం తీయడానికి వెనక్కి వెళ్ళే ఓపిక మేనేజర్‌కు లేదు. బూట్లు విప్పి ఆకుల మీద కూర్చున్నాడు. తర్వాత పడుకున్నాడు. మిగతావాళ్ళూ అంతే. ఇన్‌స్పెక్టర్ గురక పెట్టాడు. తల్లీకూతుళ్ళు ఎండలో కాళ్ళు చాపుకుని కబుర్లలో పడ్డారు. స్టోర్‌కీపర్ మూడు విడతలు టీ కాచి, గ్లాసులన్నీ కడిగాడు.

సాయంత్రం మేనేజర్ ఒళ్ళు విరుచుకుంటూ లేచాడు.

"ఎన్నాళ్ళకయ్యా ఇంత హాయి! నీకేం, రోజంతా ఇంటిపట్టునే ఉన్నావు. రేపు హుషారుగా రావాలి."

మళ్ళీ సెలవు అడగాలనే ఉంది స్టోర్‌కీపర్‌కు. ఈ సెలవు తాలూకు అలసట తీరాక అడుగుదామనుకున్నాడు.