ఆవిరి యంత్రానికి ఆయుధపూజ

చక్రపాణి గారు సిగరెట్ మానేసి రాబోయే శనివారానికి సంవత్సరం పూర్తవుతుందనీ, ఆ మహత్కార్యానికి గుర్తుగా మిషిగన్‌లోని నోవై తెలుగు సమితి ఆయనను శాలువాతో సత్కరిస్తుందనీ 2013 అక్టోబరులో సభ్యులందరికీ ఈమెయిల్ అందింది. సకుటుంబంగా రావాలనీ, ఇంటికొక వంటకం తేవాలనీ కూడా అందులో ఉంది. సిగరెట్ మానేసిన ఆ మనిషి ముక్కులోంచీ నోట్లోంచీ రోజుకు రెండువందల సార్లు తెల్లటి మేఘాలు వెలువడుతున్న సంగతి మాత్రం లేదు. అది పొగ కాదు, ఆవిరి అని సమితివారి పొగాకు నిర్మూలన ఉపసంఘం ఎప్పుడో తీర్మానించింది. ఉపసంఘానికి అధ్యక్షులు చక్రపాణి గారే కాబట్టి తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ ఆవిరి వచ్చేది ఎలక్ట్రానిక్ సిగరెట్ నుంచి. ఇంట్లో ఆ పేరు పలకరు, 'డివైస్' అంటారు. ఆయన భార్య వసుమతి కూడా మొదట దాన్ని మందు కిందే జమకట్టింది. పక్కింటాయన ఇన్‌హేలర్ కంటే తమది ఖరీదైనదని పాట్‌లక్ విందుల్లో చెప్పుకుని మురిసింది. అందుకే దసరా నాడు ఆయుధపూజకు రెండు కార్ల తాళాలు, మూడు లాప్‌టాప్‌లు, మిక్సీ పక్కన డివైస్‌నూ పెట్టింది. దాని రెండు ముక్కలనూ మర తిప్పి విడదీసి, బాటరీ నెత్తిన ఉన్న గుంటలో గంధం అద్ది, పైన కుంకుమ బొట్టు పెట్టింది.

మర్నాటి నుంచి డివైస్ ఒకసారి పనిచేస్తే రెండుసార్లు మొరాయించసాగింది. మీట నొక్కితే దీపం మిణుక్కుమంటుంది, ఆవిరి రాదు. బండి ఒక్కోసారి స్టార్ట్ అయి ఒక్కోసారి ఎందుకు కాదో కనిపెట్టడమే కార్ల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా చక్రపాణి గారి ఉద్యోగం. కాబట్టి ఆయన డివైస్‌ను విప్పి చూడలేదు, పట్టిక గీశారు. ఎన్ని నొక్కులకు ఎన్ని ఆవిరులో పూటపూటకూ నమోదు చేశారు. మిషిగన్ చలిని అనుమానించారు. చైనాను అనుమానించారు. అందులో పోసే పుదీనా వాసన నికోటిన్ రసం తీసేసి మామిడిపండు వాసనది పోశారు.

నాలుగో రోజున ఆయన బేస్‌మెంట్ నుంచి పదమూడు మెట్లూ ఆగకుండా ఎక్కి వచ్చారు. ఏడాదిగా ఏడో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా దగ్గడం ఆయనకు అలవాటు. వసుమతి స్టవ్ ఆపి మరీ విన్నది. దగ్గు లేదు. ఆ సాయంత్రమే బాటరీ గుంటలో ఎండిపోయిన గంధం ఆమె కంటపడింది. తుడవబోయి ఆగింది.

అక్కడి నుంచి ఆమె భక్తి అమాంతం పెరిగిపోయింది. తెల్లారి స్నానం చేయగానే దేవుడికో బొట్టు, డివైస్‌కో బొట్టు. దసరా అయిన పది రోజులకల్లా ఆయన రెండువందల మేఘాలు అరవైకి దిగాయి.

గురువారం నాడు సమితి అత్యవసర సమావేశం చక్రపాణి గారి బేస్‌మెంట్‌లోనే జరిగింది. డివైస్ సహకరించకపోతే అధ్యక్షులవారు నలభై నిమిషాల ప్రసంగం పూర్తి చేయలేరనీ, మధ్యలో పాత సిగరెట్ కోసం పరిగెడితే పొగాకు నిర్మూలన పరువు పోతుందనీ సభ్యుల ఆందోళన. ముప్పై ఏళ్లు ఊపిరితిత్తుల వైద్యం చేసి రిటైరైన డాక్టర్ హరనాథ్ గారూ, బాటరీల ఇంజనీరు రంగయ్య గారూ వచ్చారు. ప్రొజెక్టర్ తెర దించారు. దాని మీద చేప అస్థిపంజరం లాంటి బొమ్మ వేసి, ఒక్కో ముల్లుకూ ఒక్కో కారణం తగిలించారు. హరనాథ్ గారు డివైస్‌ను చెవి దగ్గర పెట్టుకుని విని, రిథమ్ ఇర్రెగ్యులర్‌గా ఉందని తేల్చారు.

పెసరట్లు తెచ్చిన వసుమతి పళ్లెం కింద పెట్టి నిలబడింది.

"డాక్టర్‌గారూ, అది చెడిపోయిన దగ్గర్నుంచీ ఈయన దగ్గు తగ్గిందండీ. మెట్లు కూడా ఆగకుండా ఎక్కుతున్నారు. ఒక్కసారి ఈయన్ని చూడరూ?"

"చూద్దాంలేమ్మా. ముందు ఈ ఇష్యూ క్లోజ్ చేయనీ," అన్నారాయన, అల్లం పచ్చడి అందుకుంటూ. ఆమె మాట సమావేశం మినిట్స్‌లో 'ఎజెండాలో లేని విషయం' కింద నమోదైంది.

మూడు గంటలు గడిచాక, చేపకు ముళ్లు అయిపోయాక, రంగయ్య గారు విసిగి డివైస్‌ను విప్పారు. దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి గుంటలో తిప్పారు. పుల్ల ఎర్రగా వచ్చింది. పళ్లు కుట్టుకునే పుల్లతో లోపల అణిగిపోయిన, కరెంటు అందించే చిన్న ఇత్తడి మొనను కాస్త పైకి లేపి, మర బిగించి, మీట నొక్కారు. గది నిండా మామిడిపండు మేఘం కమ్ముకుంది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

"వదినగారూ, ఇంజనీరింగ్ ఫాల్ట్ ఏమీ లేదండీ. మీ కుంకుమే," అన్నారు రంగయ్య గారు జాలిగా.

"చెప్తే వినదండీ. ప్రతిదానికీ పూజే," అన్నారు చక్రపాణి గారు.

నివేదిక ఆ పూటే తయారైంది. మూల కారణం: గృహిణి మితిమీరిన భక్తి. శాశ్వత పరిష్కారం: వారానికోసారి డివైస్‌ను దూదితో శుభ్రం చేయుట. బాధ్యురాలు: వసుమతి. సంతకాలయ్యాక చక్రపాణి గారు అతిథులను సాగనంపడానికి మెట్లెక్కుతూ ఏడో మెట్టు మీద ఆగి, గోడ పట్టుకుని దగ్గారు. డాక్టర్ గారు వెనకే ఉన్నారు కనుక మర్యాదగా ఆగి, దగ్గు పూర్తయ్యాక ఎక్కారు.

శనివారం సభ వైభవంగా జరిగింది. సంకల్పం ఉంటే విల్‌పవర్ వస్తుందనీ, విల్‌పవర్ ఉంటే సంకల్పం కుదురుతుందనీ చక్రపాణి గారు సోదాహరణంగా వివరించారు. మూడుసార్లు తెర వెనక్కి వెళ్లి వచ్చారు. సన్మానితుని శ్రీమతిని రెండు మాటలు మాట్లాడమన్నారు. వసుమతి మైకు పట్టుకుంది.

"మా ఆయన ఈ సంవత్సరంలో మనిషిలా ఊపిరి పీల్చింది పది రోజులేనండీ. అది పాడైపోయిన పది రోజులు. ఇక్కడ ఇంతమంది ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. దాన్ని మళ్లీ ఎలా పాడుచేయాలో ఎవరైనా చెప్తారా? మీ కాళ్లకు దండం పెడతాను."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. హరనాథ్ గారు కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. వసుమతి గారిలో ఇంత హాస్యం ఉందని ఇన్నాళ్లూ తెలియలేదంటూ కార్యదర్శి ఆవిడకు ఉగాది నాటి నవ్వుల కార్యక్రమం అక్కడికక్కడే అప్పగించారు. ఆమె మైకు పట్టుకుని ఇంకా జవాబు కోసం నిలబడే ఉంది. పులిహోర చల్లారుతోందని ఎవరో వచ్చి మైకు తీసుకున్నారు.

ఆ వీడియోకు మర్నాటికి ఫేస్‌బుక్‌లో నాలుగువందల పదహారు బొటనవేళ్లు లేచాయి. అందులో మీది లేదని ప్రమాణం చేయకండి. ఇప్పటిదాకా మీరూ నవ్వుతూనే చదివారు.